సదరం శిబిరంలో నా చెవులు: ఐదుకు రెండున్నర

వినికిడి లోపానికి సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో కొలిచి సర్కారు ఇచ్చే కాగితం) ఎలా ఇస్తారు, వెళ్తే ఏమవుతుంది, వెళ్ళడం దండగేనా అని ఈ మధ్య మా బజారులో నలుగురు అడిగారు. నలుగురూ నా ఈడువాళ్ళే, నలుగురూ బండల ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళే. ఒక్కొక్కరికీ చెప్పాలంటే నేను అరవాలి, వాళ్ళు తిరిగి అరవాలి, ఇద్దరికీ సగమే అందుతుంది. అందుకని రాసి పెడుతున్నాను. హోటలు గురించీ మిక్సీ గురించీ ఎంత బాగుందో మార్కులు వేసి రాస్తారు కదా, ఇదీ అలాంటిదే. ఆసుపత్రి పేరు మాత్రం రాయను. అక్కడ నాకు మంచి చేసినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకు మాట రాకూడదు.

నాది తాడిపత్రి. వయసు 54. ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో 24 ఏళ్ళు గుమాస్తాగా లెక్కలు రాశాను. గుమాస్తా అంటే చల్లని గదిలో ఫ్యాను కింద కూర్చునేవాడు అనుకోకండి. నా బల్లకూ కోత మిషనుకూ మధ్య ఉన్నది ఒక రేకు తలుపు. వేసవిలో అదీ తీసే ఉండేది. రంపం రాయిలోకి దిగేటప్పుడు ఒక కూత, పాలిష్ చక్రం తిరిగేటప్పుడు ఒక ఊళ, లారీలోకి బండ జారినప్పుడు ఒక పిడుగు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఇదే సంగీతం. మొదటి ఏడాది ఇంటికి వెళ్ళాక కూడా చెవుల్లో హోరు ఉండేది, తెల్లారేసరికి పోయేది. కొన్నేళ్ళకు తెల్లారినా పోలేదు. ఇప్పుడు అది నా కాపురంలోనే ఉంది, రాత్రి పూట కీచురాళ్ళు అరిచినట్టు. రాతి పిండి ముక్కులోకి పోకుండా అందరం తువ్వాలు కట్టుకునేవాళ్ళం. చెవులకు ఏమైనా పెట్టుకోవాలని తోచినవాడు ఒక్కడూ లేడు, నేను కూడా.

మూడేళ్ళుగా మా బావమరిది కిరాణా కొట్టులో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నాను. ఆ కొట్టులోనే నా చెవుల సంగతి పూర్తిగా బయటపడింది. పక్క సందులో ఉండే చిన్నపిల్ల వచ్చి సబ్బు కావాలంది. నాకు డబ్బు కావాలని వినిపించింది. ‘మీ నాన్నను రమ్మను, అప్పులు ఇవ్వడం లేదు’ అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయి నిలబడింది. వెనకాల ఉన్న ఇద్దరు నవ్వారు. ఇంకా నష్టం తెచ్చేది అంకెలు. ఇరవై, అరవై, డెబ్బై, తొంభై. అన్నిటికీ తోకలు ఒకటే, తలలే వేరు. నాకు తోకలే వినిపిస్తాయి. ఒక సాయంత్రం బావమరిది లోపలి నుంచి అరవై అంటే నేను ఇరవై తీసుకుని పంపేశాను. ఆయన ఏమీ అనలేదు. అనలేదు అనే అనుకుంటున్నాను, అన్నాడేమో మరి.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకడం నీ తాత తరం కూడా కాదన్నాడట. ఈ సామెత కట్టినవాడికి చెవుడు గురించి ఏమీ తెలియదు. శంఖం నాకు బాగా వినిపిస్తుంది. గుడి గంట, లారీ ఇంజను, తలుపు చప్పుడు, ఉరుము అన్నీ వినిపిస్తాయి. వినిపించనిది మాట. మాటలో కూడా అచ్చులు వినిపిస్తాయి, హల్లులు రాలిపోతాయి. ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు ముందు పోయాయి. అందుకే మా ఇంట్లో నాకు ఒక పేరు ఉంది, ‘అవసరమైతే వింటాడు’ అని. మగవాళ్ళ మాట వింటాను, మా ఆవిడ మాట వినను అని దాని అర్థం. ఇది పొగరు కాదు, పెద్ద చప్పుళ్ళ మధ్య ఏళ్ళ తరబడి పనిచేసినవాడి చెవి ముందు పై స్థాయి శబ్దాల (సన్నటి, కీచు శబ్దాల) దగ్గరే చెడుతుంది అని డాక్టరు కాగితం మీద గీసి చూపించిన తర్వాత కూడా ఆవిడ పూర్తిగా నమ్మలేదు.

ఇక సేవ సంగతి.

స్లాటు దొరకడం సులువే. మా వార్డు సచివాలయానికి ఆధార్ కార్డు, ఫోను తీసుకుని వెళ్ళాను. అక్కడి అమ్మాయి కంప్యూటర్‌లో చూసి తేదీ ఇచ్చింది. నేను అడగకుండానే తేదీ, ఊరు, సమయం ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చింది. ఈ ప్రయాణం మొత్తంలో నా చెవిని చూసి పని చేసిన మొదటి మనిషి ఆమె. దీనికి ఐదుకు ఐదు.

శిబిరం మా జిల్లాలోనే మరో ఊళ్ళో. తెల్లవారుజామున బస్సెక్కి ఏడున్నరకల్లా దిగి, బస్టాండు ముందు ఉగ్గాని, రెండు బజ్జీలు తిని, ఎనిమిదింటికి ఆసుపత్రిలో ఉన్నాను. అప్పటికే అరవై మంది దాకా ఉన్నారు. నిజంగా అరవై, లెక్కపెట్టాను. కాళ్ళకు, కళ్ళకు వేరే గదులు. చెవులవాళ్ళం వరండాలో, పదహారు మందిమి.

ఇప్పుడు అసలు విషయం. పదహారు మందిమీ చెవిటివాళ్ళం. మమ్మల్ని లోపలికి పిలిచే పద్ధతి ఏమిటంటే, ఒకాయన తలుపు సగం తెరిచి, మూతికి మాస్కుతో, పేరు ఒక్కసారి పలికి, తలుపు మూసేస్తాడు. పేర్ల బోర్డు లేదు, అంకెల చీటీ లేదు. పలికిన పేరుకు మనిషి లేవకపోతే తర్వాతి పేరు. మొదటి ముగ్గురు అలాగే పోయారు. ముగ్గురూ అక్కడే నా పక్కనే కూర్చుని, తలుపు వైపు చూస్తూ, తమ పేరు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తున్నారు. నేను నాలుగోవాణ్ణో ఐదోవాణ్ణో, నాకు తెలియదు. తెలిసేదెలా?

మమ్మల్ని కాపాడింది ఉరవకొండ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి. ఇరవై నాలుగేళ్ళుంటాయి, పుట్టు చెవుడు, మాట లేదు. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టులో పని. వాళ్ళ అమ్మ వెంట ఉంది. ఆ అబ్బాయి పావుగంట చూశాడు. లేచి వెళ్ళి, తలుపు దగ్గర నిలబడి, ఆ పిలిచే ఆయన చేతిలోని కాగితం వైపు వేలు చూపించి, తన ఫోను కెమెరా చూపించాడు. ఫోటో తీసుకోనా అని. ఆయనకు ఏమనిపించిందో, కాగితం పట్టుకుని చూపించాడు. అంతే. అబ్బాయి ఆ ఫోటో పెద్దది చేసి వరసగా అందరికీ చూపించుకుంటూ వచ్చాడు. ఎవరి పేరు వాళ్ళు వేలితో తాకారు. ఎవరి తర్వాత ఎవరో తెలిసింది. పోయిన ముగ్గురినీ మళ్ళీ చేర్పించాడు. ఆ తర్వాత తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఆయన ముఖం చూసి, తన ఫోను చూసి, వెళ్ళి ఒకరి భుజం తట్టేవాడు. ఒక గంట తర్వాత ఆ మాస్కు ఆయన కూడా పేరు పిలవడం మానేసి అబ్బాయి వైపే చూడడం మొదలుపెట్టాడు.

ఆ అబ్బాయి, నేను ఫోనులో రాసుకుంటూ మాట్లాడుకున్నాం. నాకు కళ్ళజోడు కావాలి, తనకు అక్కర్లేదు, అంతే తేడా. తన చిన్నప్పటి సర్టిఫికెట్ మీద తాత్కాలికం అని రాసి ఉందట, గడువు తీరిందట. ‘పుట్టుకతో వచ్చిన చెవుడుకు గడువు ఏమిటన్నా, అది ఎక్కడికి పోతుంది?’ అని వాళ్ళ అమ్మ నన్ను అడిగింది. ఆమె నా ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడింది కనుక ప్రతి మాటా వినిపించింది. అలవాటైన మనిషి. వరండాకు ఐదుకు సున్నా వేద్దామనుకున్నాను, ఆ కాగితం చూపించినందుకు ఒకటి వేస్తున్నాను.

లోపల ముందు చెవి డాక్టరు చూశారు. గులిమి ఉంటే తీయించుకుని మళ్ళీ రమ్మంటారు. నా ముందాయన అలాగే వెనక్కి వెళ్ళాడు, ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ గంగపాలు. కనుక వెళ్ళేవాళ్ళు వారం ముందే మీ ఊళ్ళోనే చెవులు శుభ్రం చేయించుకుని వెళ్ళండి. ఇంకొకటి. ఫ్యాక్టరీ పని చేసి నేరుగా వెళ్ళకండి. పెద్ద చప్పుడులో ఉన్న తర్వాత కొన్ని గంటలు వినికిడి ఇంకా తగ్గి ఉంటుంది, అప్పుడు పరీక్ష చేస్తే లెక్క తప్పు వస్తుంది. ‘తప్పు వస్తేనే కదా శాతం పెరిగేది’ అని మా బజారు నలుగురిలో ఒకాయన కన్ను కొట్టాడు. ఆయన గురించి తర్వాత చెప్తాను.

పరీక్ష గదికి పూర్తి మార్కులు. గది చిన్నది, గోడలకు మెత్తలు, ఫ్యాను ఆపేస్తారు, చెమటలు కారతాయి. ఆడియాలజిస్టు, అంటే వినికిడి కొలిచే నిపుణురాలు, చిన్న వయసు అమ్మాయి. మాస్కు దించి, నా కళ్ళలోకి చూసి, ‘చిన్న శబ్దం వినిపించినా బటన్ నొక్కండి’ అని నెమ్మదిగా చెప్పి, అదే మాట అట్ట మీద రాసి ఉన్నది చూపించింది. హెడ్‌ఫోనులో ఎర్రది కుడి చెవికి, నీలం ఎడమ చెవికి. అద్దం అవతల ఆమె, ఇవతల నేను. శబ్దాలు వస్తాయి, తగ్గుతూ పోతాయి, ఎక్కడ ఆగిపోతాయో అక్కడ గీత. తర్వాత చెవి వెనక ఎముక మీద ఒక చిన్న డబ్బీ పెట్టి మళ్ళీ. ఒక చెవిలో గాలి హోరులాంటిది పెట్టి రెండో చెవికి మళ్ళీ.

నా కష్టం ఏమిటంటే కీచురాళ్ళు. పై స్థాయి శబ్దాలకు వచ్చేసరికి అవతలి నుంచి వచ్చే కూత ఏదో, నా చెవిలో పుట్టే కూత ఏదో తేల్చుకోలేకపోయాను. వినిపించిందనుకుని నొక్కాను. ఆమె తల ఎత్తి చూసింది. మళ్ళీ నొక్కాను. ఆమె లోపలికి వచ్చి, ‘మీకు చెవిలో హోరు ఉందా? నేను ఏమీ పెట్టనప్పుడు కూడా నొక్కుతున్నారు’ అంది. సిగ్గుపడ్డాను. పరీక్షలో చూసి రాస్తూ దొరికిపోయిన పిల్లవాడిలా. ఆమె నవ్వి, ఈసారి ఒకే కూత కాకుండా కూత తర్వాత కూత తెంపి తెంపి పెట్టింది. అప్పుడు తేడా తెలిసింది. పదిహేను నిమిషాల్లో అయిపోవలసినది నాకోసం అరగంట పట్టింది. బయట వరుస ఉన్నా ఆమె తొందరపడలేదు. నేను దొంగతనంగా నొక్కడం లేదని ఆమెకు తెలుసు, వినిపించనట్టు నటించేవాళ్ళను పట్టుకునే పద్ధతులు కూడా తెలుసట. అనుమానం వస్తే బెరా అనే పరీక్షకు పంపుతారు. దానిలో మనిషి బటన్ నొక్కే పని లేదు, తల మీద తీగలు పెట్టి మెదడుకు వెళ్ళే సంకేతాలు చూస్తారు. కన్ను కొట్టిన పెద్దమనిషి ఈ వాక్యం రెండుసార్లు చదవాలని మనవి.

పది రోజులకు సర్టిఫికెట్ వచ్చింది. 33 శాతం.

పెన్షన్‌కు 40 ఉండాలి. అంటే ఏడు తక్కువ. మా ఆవిడ ‘బాగుందిలే, అంత చెవుడు లేదన్నమాట’ అంది. నేను లెక్కలు రాసినవాణ్ణి కనుక ఈ 33 ఎక్కడి నుంచి వచ్చిందో చూడకపోతే నిద్ర పట్టదు. కూర్చుని తీశాను, మీరూ చూడండి.

నాలుగు స్థాయిల్లో కొలుస్తారు: 500, 1000, 2000, 4000 హెర్ట్‌జ్. అంకె పెరిగేకొద్దీ కూత సన్నబడుతుంది. చప్పుడును ఎన్ని డెసిబెల్ (గట్టిదనం కొలత) దాకా పెంచితే వినిపించిందో రాస్తారు. నా కుడి చెవికి 35, 45, 65, 80. కూడితే 225, నాలుగుతో భాగిస్తే 56 చిల్లర. ఎడమ చెవికి 40, 50, 70, 85. కూడితే 245, సగటు 61 చిల్లర. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్ లోపం ఉంటే వినికిడి మందగించినవాడు, 70 ఉంటే బధిరుడు. నా ఎడమ చెవి గడప దాటింది, కుడి చెవి నాలుగు డెసిబెల్ దూరంలో వాకిట్లోనే నిలబడింది. పైగా ఈ సగటుల నుంచి వచ్చిన రెండు చెవుల శాతాలు కలిపేటప్పుడు బాగున్న చెవిని ఐదుతో హెచ్చించి, బాగాలేని చెవిని ఒక్కసారే కలిపి, ఆరుతో భాగిస్తారు. అంటే ఒక చెవి పూర్తిగా పోయి రెండోది నిక్షేపంగా ఉన్నవాడికి వచ్చేది 17 శాతం లోపే. ఆ లెక్కలో నాకు తప్పు కనిపించలేదు. ఒక చెవి ఉన్నవాడు ఎలాగో నెట్టుకొస్తాడు.

తప్పు కనిపించింది సగటు దగ్గర. బండల వ్యాపారంలో ఒక సంగతి ఉంది. ఒక చివర రెండు అంగుళాలు, ఇంకో చివర అర అంగుళం మందం ఉన్న బండకు సగటు మందం అంగుళం పావు. కాగితం మీద మంచి బండ. ఏ మేస్త్రీ అయినా దాన్ని తీసుకుంటాడా? నా చెవి ఆ బండ. 35 దగ్గర ఉన్నది ఉరుము, శంఖం, లారీ. 80 దగ్గర ఉన్నది సబ్బుకూ డబ్బుకూ తేడా. రెండూ కూడి భాగిస్తే నాకు ఏమీ అంత నష్టం లేదని వస్తుంది. కానీ నేను గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది ఉరుములు వినడానికి కాదు.

ఇంకొకటి ఆ గది. మెత్తల గోడలు, ఆపేసిన ఫ్యాను, ఒక్కటే శబ్దం. నా జీవితంలో అంత నిశ్శబ్దమైన చోట నేను ఎప్పుడూ మాట వినవలసిన అవసరం రాలేదు. మా కొట్టు ముందు ఆటోలు, ఫ్రిజ్ గురక, ముగ్గురు ఒకేసారి మూడు సరుకులు అడగడం, ఇదీ నా వినికిడికి పరీక్ష గది. అదే చట్టంలో దివ్యాంగుడు ఎవరు అన్న చోట ఏముందంటే, చాలాకాలంగా ఉన్న లోపం, ఎదురయ్యే అడ్డంకులతో కలిసి, మిగతావారితో సమానంగా సమాజంలో పాలుపంచుకోనివ్వకపోతే అతడు దివ్యాంగుడు. అడ్డంకులతో కలిసి అన్న మాట నాకు బాగా నచ్చింది. కొలిచేటప్పుడు మాత్రం అడ్డంకులన్నీ తీసేసి, తలుపు వేసి, చెవిని ఒంటరిగా కొలుస్తారు. మాటలు వినిపించి, వాటిని తిరిగి చెప్పమనే పరీక్ష ఉంది, ఆ అమ్మాయే నాతో చేయించింది కూడా. ఇరవై మాటల్లో తొమ్మిది తప్పు చెప్పాను. అది శాతంలో చేరలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మెరుగైన చెవిలో 35 డెసిబెల్ దాటితేనే దాన్ని వైకల్యం కలిగించే లోపం అంటుంది. ఆ లెక్కన నేను ఎప్పుడో చేరిపోయాను. అయితే వాళ్ళది ఎంతమందికి చికిత్స, యంత్రం కావాలో తెలుసుకునే లెక్క, మనది ఎవరికి నెలనెలా డబ్బు ఇవ్వాలనే లెక్క. రెండిటికీ గీత ఒకే చోట ఉండాలని నేను అనను.

నిజం చెప్పాలంటే డబ్బు దగ్గర నాకే తడబాటు. మన రాష్ట్రంలో దివ్యాంగుల పెన్షన్ 2024 జులై నుంచి 3,000 కాస్తా 6,000 అయింది. మా బావమరిది అన్నాడు, ‘బావా, కాళ్ళు చేతులు బాగున్నాయి, కళ్ళు బాగున్నాయి, వినిపించకపోతే గట్టిగా చెప్తాం, దానికి నెలకు ఆరు వేలా?’ అని. గట్టిగానే అన్నాడు, అందుకే వినిపించింది. ఆయనకు నేను చెప్పిన జవాబు ఇది. గట్టిగా చెప్తే వినిపించేది నీ కోపమే కానీ మాట కాదు. చెవిటివాడికి ఎప్పుడూ అర్థమయ్యేది అవతలివాడు విసుక్కుంటున్నాడని. అందుకే సగం మంది కామమ్మ మొగుడంటే కామోసనుకున్నట్టు అన్నిటికీ తల ఊపేస్తారు. బ్యాంకులో తల ఊపుతారు, డాక్టరు దగ్గర తల ఊపుతారు, మాత్ర పొద్దునో రాత్రో తెలియకుండా ఇంటికి వస్తారు. ఉద్యోగం అడగడానికి వెళ్తే మొదటి ప్రశ్నకే అడ్డదిడ్డంగా జవాబు చెప్పి మొద్దు అనిపించుకుంటారు. ఇది లోపం కాదంటే నేను ఒప్పుకోను.

కానీ అదే 6,000 ఉరవకొండ అబ్బాయికీ నాకూ ఒకేలా రావాలా? రాకూడదు. మాటే పుట్టని బతుకు అతనిది, యాభై ఏళ్ళు విని, పాటలు విని, పిల్లల మొదటి మాటలు విని పోగొట్టుకున్నది నాది. నాకు కావలసింది పెన్షన్ కంటే ముందు మంచి యంత్రం. అనంతపురంలో క్లాక్ టవర్ దగ్గర ఒక కొట్టులో కొన్నాను, చెవికి 18,000 రూపాయలు. రెండు చెవులకూ కావాలన్నారు, ఒకదానికే చేతనైంది. యంత్రం మీద జీఎస్టీ లేదు, బ్యాటరీల మీద ఉంది. గోధుమ రంగు అంటుపట్టీ ఉండే 312 నంబరు బ్యాటరీ, వారం పది రోజులకు ఒకటి. ఇంట్లో బాగా పనిచేస్తుంది. కొట్టులో ఫ్రిజ్ గురకను కూడా అంతే శ్రద్ధగా పెంచి వినిపిస్తుంది. 40 లోపు, 40 పైన అని ఒక్కటే గీత గీసి, పైవాడికి అన్నీ, కింది వాడికి ఏమీ లేదు అనడం కంటే, 20 నుంచే యంత్రమో, బ్యాటరీ ఖర్చో ఇచ్చి, పైకి పోయేకొద్దీ పెంచుకుంటూ పోవచ్చు కదా. కరెంటు బిల్లుకు శ్లాబులు పెట్టినవాళ్ళకు ఇది కష్టమా?

గీత ఒక్కటే అయితే ఏమవుతుందో 2025లో చూశాం. దివ్యాంగ పెన్షన్లను మళ్ళీ తనిఖీ చేయించారు, 40 కంటే తక్కువ వచ్చినవారికి నోటీసులు వెళ్ళాయి. దొంగ సర్టిఫికెట్లు ఏరివేయాల్సిందే, నేను కాదనను. కానీ నాలుగు డెసిబెల్ తేడా అంటే ఆ రోజు జలుబు చేసిందా లేదా అన్నంత తేడా. దాని మీద ఇంటి అద్దె ఆధారపడి ఉంటే మనిషి నటించడం నేర్చుకుంటాడు. కన్ను కొట్టిన ఆయనది తప్పే, ఆయన చేత కన్ను కొట్టించింది మాత్రం ఆ గీత.

శాతం తక్కువైనా దివ్యాంగుల గుర్తింపు కార్డు వస్తుంది. దాని మీద గీత రంగు చూసి తెలుసుకోవచ్చు: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. నాది తెలుపు. తెల్ల కార్డుతో నాకు ఇంతవరకు దొరికింది ప్లాస్టిక్ కవరు. పసుపు అయితే సర్కారు ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషనులో చెవులవాళ్ళకు ఉన్న ఒక శాతానికి పోటీ పడవచ్చు, పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకు 75,000 రూపాయల మినహాయింపు ఉంది. రైల్వే రాయితీ సంగతి వింటే నవ్వొస్తుంది. పూర్తి చెవుడు ఒక్కటే ఉంటే చాలదు, అదే మనిషికి మూగతనం కూడా ఉండాలి. మాట వచ్చే చెవిటివాడు పూర్తి ఛార్జీ కట్టాలి. ప్లాట్‌ఫారం మారిందని మైకులో చెప్పినప్పుడు మాటతో ఏం చేస్తాడో నాకు తెలియదు.

చివరికి నాకు ఈ తిరుగుడంతటిలో ఎక్కువ బాధ కలిగించింది సర్టిఫికెట్ కాదు. తెలిసిన ఒక వకీలు చెప్పిన మాట. ఉద్యోగుల నష్టపరిహార చట్టం 1923 నాటిది, 2025 నవంబరు దాకా అమల్లో ఉండేది. దాని మొదటి జాబితాలో పూర్తి చెవుడు రెండు చేతులూ పోవడంతో, చూపు పోవడంతో సమానంగా నూరు శాతం కింద రాసి ఉండేది. పని చోట చప్పుడు వల్ల వచ్చే వినికిడి లోపం వృత్తి రోగాల జాబితాలో ఉండేది. అప్పటిదాకానే అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలోనూ ఉండేది. అంటే నేను ఫ్యాక్టరీలో చేరకముందే ఈ దేశంలో ఎవరో కూర్చుని, చప్పుడు చెవిని తినేస్తుంది, దానికి యజమాని లెక్క చెప్పాలి అని రాశారు. నేను 24 ఏళ్ళు అదే ఫ్యాక్టరీలో డీజిల్‌కు లెక్క రాశాను, రంపం పళ్ళకు లెక్క రాశాను, పగిలిన బండలకు లెక్క రాశాను. చెవులకు ఒక్క పద్దూ రాయలేదు. అర్జీ రెండేళ్ళలోపు పెట్టుకోవాలట. నేను మానేసి మూడేళ్ళు దాటింది. నా చెవుల ఖర్చు సర్కారు పెన్షన్ ఖాతాలో కాకుండా మా యజమాని ఖాతాలో పడాల్సింది, ఇప్పుడు ఎవరి ఖాతాలోనూ లేదు. ఇంకా పనిలో ఉన్నవాళ్ళు మాత్రం సదరం కోసం కాదు, ముందు ఇందుకోసం పరీక్ష చేయించుకుని కాగితం దగ్గర పెట్టుకోండి.

వెళ్ళేవాళ్ళు ఫోనులో పెద్ద అక్షరాలు పెట్టుకోండి, చూపు బాగున్న ఒక మనిషిని వెంట తీసుకెళ్ళండి, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గీతలు, అంకెలు ఉండే కాగితం) నకలు అడిగి తీసుకోండి. నేను అడిగాను కాబట్టే ఇచ్చారు, అడగనివారికి ఇవ్వలేదు. అది లేకుంటే పై లెక్క మీరు వేసుకోలేరు. సచివాలయానికి ఐదు, వరండాకు ఒకటి, పరీక్ష గదికి ఐదు, శాతం కట్టే పద్ధతికి ఒకటి, కార్డుకు అర. సగటు రెండున్నర వచ్చింది. సగటు ఎంత మోసమో చెప్పిన నోటితోనే సగటు వేశాను, ఏం చేస్తాం.

చట్టంలో అప్పీలుకు అవకాశం ఉంది, అర్జీ పెట్టాను. తేదీ ఫోను చేసి చెప్తామన్నారు. అర్జీ మీద ఎర్ర సిరాతో, ‘దయచేసి ఫోను చేయవద్దు, మెసేజి పెట్టండి’ అని రాసి కింద రెండు గీతలు గీశాను. నిన్న మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. ఎవరో ఆడమనిషి. నేను ఊ, ఊ అన్నాను.